కొంగులో కొమ్మ, గడప మీద పువ్వు

మా వీధిలో ఒక దొంగ ఉంది. పేరు సులోచన. ఆళ్లగడ్డ అంగళ్ల వీధిలో పప్పులూ ఉప్పులూ అమ్మే రామలింగయ్య భార్య. నుదుటన రూపాయి బిళ్లంత బొట్టు, చేతిలో ప్రసాదం గిన్నె, ముఖాన చిరునవ్వు. ఆ వాలకం చూసి ఎవరూ అనుమానించరు. అయినా ఇరవై ఆరేళ్లలో ఈ ఊళ్లో ఆమె చెయ్యి పడని ఇల్లు లేదు.

ఆమె దొంగిలించేది మొక్కల్ని. మొక్కలంటే మొక్కలు కాదు, జానెడు కొమ్మ, నాలుగు గింజలు, ఒక పిలక. అంతే.

ఈ సంగతి రాయడానికి నాకంటే తగినవాడు ఆళ్లగడ్డలో లేడు. నేను వాళ్ల పక్కింటివాణ్ణి. పేరు మహీధర్. తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివితే అయ్యవార్లకు చెప్పడానికి ఏమీ మిగలదని జాలిపడి మానేశాను. ఇప్పుడు సామాన్ల ఆటో నడుపుతాను. ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు నలభై కిలోమీటర్లు అంటారు. నేను నడిపితే ముప్పయ్యే. నేను చెప్పేదాంట్లో సగం నిజం, మిగతా సగం ఇంకా నిజం.

సులోచనక్క బయలుదేరేది మధ్యాహ్నం రెండు గంటలకు. ఊరంతా తిని, ఫ్యాన్ కింద పడుకునే వేళ. గిన్నెలో కాసింత పులిహోరో, చక్కెర పొంగలో పట్టుకుని ఎవరింటికో పోతుంది. పది నిమిషాలు మాట్లాడుతుంది. లేచి వచ్చేటప్పుడు గిన్నె ఖాళీ, కొంగు బరువు. ఆ కొంగులో చెయ్యి పెట్టి ఆమె కొమ్మ తుంచిన చప్పుడు ఇంతవరకు ఏ మనిషీ వినలేదు. ఒకసారి కుక్క విన్నదంటారు గానీ, అదీ మొరగలేదు. దానికీ పులిహోర అందింది.

దీనికి ఆమె దగ్గర ఒక చట్టముంది. మొక్కను కొనకూడదు, అడగకూడదు. ఎవరైనా ప్రేమగా ఇచ్చినా తీసుకోకూడదు. ఇచ్చిన మొక్క మొహమాటానికి నాలుగు రోజులు తల ఎత్తుకుని నిలబడి, అయిదో రోజు వాలిపోతుందట. దొంగిలించిందైతే, మళ్లీ తీసుకుపోయి పాత చోట పెడతారేమోనని భయపడి గబగబా వేరు పోసుకుంటుంది. ఒంటి మొక్క జోలికి పోకూడదు. శుక్రవారం సెలవు. ఇంటివాళ్లు చూసినా చూడనట్టుండాలి, చూశామని చెప్పకూడదు. ఇక అన్నిటికంటే గట్టి నియమం ఒకటుంది. ఆ మొక్క మొట్టమొదటి పువ్వు పూసిన రోజు, పొద్దు పొడిచేలోపల ఆ పువ్వును తీసుకుపోయి పాత యజమాని గడప మీద పెట్టి, పలకరించకుండా తిరిగి రావాలి.

"ఈ చట్టం ఎవరు పెట్టినారక్కా?" అని ఒకసారి అడిగాను.

"మా అవ్వ."

"మీ అవ్వకెవరు చెప్పినారు?"

"ఆమె కూడా యాడనో దొంగిలించింటాది లేప్పా."

పొద్దున తలుపు తీసేసరికి గడప మీద ఒక పువ్వు కనబడితే మా వీధిలో ఎవరూ ఆశ్చర్యపోరు. 'ఓహో, మన మొక్క సులోచన ఇంట్లో బతికిందన్నమాట' అనుకుని, తలలో పెట్టుకుంటారు.

ఎదురింటి ఉమామహేశ్వరమ్మ ఒక్కతే మొదట్లో గొడవ పడింది. ఆమెది మిడుతూరు దగ్గర పెద్ద సేద్యం ఇల్లు. పిల్లల చదువుల కోసమని ఆళ్లగడ్డ వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఇప్పటికీ ఎవరితో మాట్లాడినా పొలంలో కూలీలను కేకేసినట్టే ఉంటుంది. తన ముద్దమందారం కొమ్మ మీద సులోచనక్క చెయ్యి ఉండగానే ఒకసారి చూసేసింది. చూసి, చట్టం గుర్తొచ్చి, చప్పున తలెత్తి ఆకాశం కేసి చూస్తూ నిలబడింది.

"ఈ మధ్య కాకులు బలే మీరిపోయినాయి" అంది ఆకాశంతో.

"అవును వదినా" అంది కాకి, కొమ్మను కొంగులో ముడేసుకుంటూ.

అట్లా ఊరంతా తిరిగి పోగేసిందే సులోచనక్క దొడ్డి. ఇంటి వెనక అయిదు సెంట్ల స్థలం. గన్నేరు, నందివర్ధనం, ముళ్లగోరింట, సన్నజాజి, సాయంత్రం నాలుగయ్యేసరికి విచ్చుకునే చంద్రకాంత, గోడ పొడవునా నీలం శంకుపూలు. వీటి మధ్యన ఎవరూ పిలవకుండా వచ్చినవి ఉత్తరేణి, తుమ్మి, ఉమ్మెత్త, వాకుడు, తెల్ల జిల్లేడు. వీటిని పీకేయమని ఎంతమంది చెప్పినా ఆమె వినలేదు. "వాటంతట అవి వచ్చినాయి. ఇంటికొచ్చినోళ్లను పొమ్మంటామా?" అనేది. వినాయక చవితి ముందురోజు మా వీధి వీధంతా పత్రి కోసం ఆ దొడ్లోనే ఉంటుంది. ఆ రోజు మాత్రం చట్టానికి సడలింపు, దేవుడి పని కాబట్టి.

గన్నేరు ఎంత ఎత్తంటే, ఒకసారి ఎక్కి చూస్తే నాకు నంద్యాల బస్టాండు కనబడింది. అక్కడ మా బావ టీ తాగుతున్నాడు. చక్కెర తక్కువైందని ముఖం చిట్లించాడు. సాయంత్రం ఫోన్ చేసి అడిగితే నిజమేనన్నాడు.

అన్ని మొక్కల్లోకీ ఆమెకు ప్రాణమైంది మాత్రం గుడ్డలుతికే బండ పక్కన ఉండేది. అదీ ఏడాదికి నాలుగు నెలలే ఉండేది. అడవినాభి. వానలు పడగానే భూమిలోంచి లేస్తుంది. ఆకు చివరలను మీసంలా చుట్టి పక్కదాన్ని పట్టుకుని పాకుతుంది. పూస్తే నిప్పు అంటుకున్నట్టు, కింద పసుపు, పైన ఎరుపు, రేకులన్నీ పైకి ఎగిసి ఉంటాయి. చలికాలానికి ఎండి మాయమవుతుంది. ఎండాకాలమంతా ఆ చోట ఉత్త మట్టే. గడ్డ మాత్రం లోపల నిద్రపోతుంటుంది.

సులోచనక్క మొదటి దొంగతనం అదే. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాలు అహోబిలం పోయారు. ఎగువ అహోబిలం దారిలో వానకు గట్టు జారి, ఈ గడ్డ బయటపడి ఉంది. నాగలి కొయ్యలాగా రెండు పాయలుగా వంగి ఉంటుంది ఆ గడ్డ. దాహమవుతోందని మొగుణ్ణి నీళ్లకు పంపి, పెట్టె తాళంచెవితో మట్టి గీరి తీసుకుంది. రామలింగన్న నీళ్లు తెచ్చేసరికి కొత్తపెళ్లికూతురి కొంగు నిండా బురద.

"ఏందే అది?"

"నాభి గడ్డ."

"విషమంట గదే అది!"

"నేనేం తింటానన్నానా?"

జీపు దిగేదాకా అతను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడట, ఎవరైనా వచ్చి పట్టుకుంటారేమోనని. మరుసటేడు పువ్వు పూసింది. అడవిలోని మొక్కకు యజమాని ఎవరు, ఏ గడప మీద పెట్టాలి? సులోచనక్క పెద్దగా ఆలోచించలేదు. "ఆ కొండంతా ఆయన ఇల్లే గదా" అని పువ్వు తీసుకుని మొదటి బస్సెక్కి పోయి, నరసింహస్వామి గుడి గడప మీద పెట్టి వచ్చింది.

రామలింగన్న సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. అతనంత నమ్మకమైన మనిషిని నేను చూడలేదు. తూకం మనవైపు మొగ్గితే సరే అనుకుంటాడు, తనవైపు మొగ్గితే అతనికి నిద్ర పట్టదు. అతని పొట్లం ఊరంతటికీ తెలుసు. కాగితాన్ని మూడు మడతలు వేసి, మూల లోపలికి దోపి, దారం చుట్టి, చివరన చిన్న మెలిక పెడతాడు. సముద్రంలో పారేసినా అందులో చక్కెర తడవదు. నేను పారేసి చూడలేదు గానీ, కుందూ నదిలో పడేస్తే తడవలేదు.

ఇంతటి మనిషిని సులోచనక్క ఒకసారి దొంగతనానికి పంపింది. అప్పటికి ఆమె దగ్గర నందివర్ధనం లేదు. సరుకు కోసం అతను నా ఆటోలో నంద్యాల వస్తుంటే, ఫలానా వీధిలో ఫలానా ఇంటి ముందుందని చెప్పింది. ఎట్లా తుంచాలో, ఎట్లా దాచాలో ఇంట్లో రెండుసార్లు ఆడించి చూపించింది. నేను ఆటో పక్కన పెట్టి చూస్తున్నాను. రామలింగన్న ఆ చెట్టు దగ్గర పావుగంట నిలబడ్డాడు. చెమటలు తుడుచుకున్నాడు. కొమ్మ తుంచాడు. రెండడుగులు వేశాడు. మళ్లీ వెనక్కి పోయి, జేబులోంచి పది రూపాయల నోటు తీసి, గోడ మీద పెట్టి, ఎగిరిపోకుండా దానిమీద రాయి పెట్టాడు.

కొమ్మ వారంలో ఎండిపోయింది. సులోచనక్కకు అనుమానమొచ్చి నన్ను పిలిచి అడిగింది. నేను అబద్ధం చెప్పలేను, తప్పించుకోగలిగితే తప్ప. చెప్పేశాను.

"నువ్వు దొంగతనానికి పోయినావా, బేరానికి పోయినావా?" అని మొగుణ్ణి నిలదీసింది.

"ఊరికే ఎట్ల తీసుకుంటామే? మా నాయన నేర్పల్యా" అన్నాడు పాపం.

తర్వాత ఆమే పోయి తెచ్చుకుంది. అది బతికింది.

ఇదంతా ఇట్లాగే సాగేది. పోయిన ఏడు వానలు ముంచాయి. రామలింగన్న సరుకు దాచుకునే బాడుగ గోడౌను రేకులు గాలికి లేచిపోయాయి. కందిపప్పు మొలకెత్తింది. ఎండుమిరపకాయలు బూజుపట్టాయి. బెల్లం కరిగి వీధిలోకి పారింది. ఆ బెల్లం వాసనకు నల్లమల నుంచి చీమలు బారులు తీరి వస్తే, ఆళ్లగడ్డ నాలుగురోడ్ల కూడలిలో అరగంట సేపు బండ్లు ఆగిపోయాయి. నవ్వుకోవడానికి చెబుతున్నాను గానీ, ఆ రోజు అతణ్ణి చూస్తే నవ్వు రాలేదు. తడిసిన బస్తాల మీద కూర్చుని రెండు రోజులు అన్నం తినలేదు. ఇంకో వానకాలం అట్లాగే పోతే అంగడి మూసుకోవాల్సిందే.

సొంతంగా గోడౌను కట్టుకోవాలి. కట్టడానికి ఉన్న స్థలం ఒక్కటే, దొడ్డి. ఆ మాట అతను నోటితో అనలేదు. సందకాడ వచ్చి కాళ్లు కడుక్కుంటూ, ఆ గోడ నుంచి ఈ గోడకు, ఈ గోడ నుంచి ఆ గోడకు చూసేవాడు. నాలుగు రోజులు చూసింది సులోచనక్క.

"కండ్లతో యాం కొలుస్తావ్? టేపు తెచ్చుకో" అంది.

"సులోచనా, అది కాదే..."

"తెలుసు లే. బియ్యం తడిస్తే పూలు వండుకుని తింటామా? కట్టు."

అంతే. ఏడవలేదు, అరవలేదు. నంద్యాల కాలేజీలో చదివే కూతురు సాయిశ్రీ ఫోన్ చేసి, "కుండీల్లోకి మార్చుకుని మిద్దె మీద పెట్టుకోమ్మా" అంది. వాళ్లది పాతకాలం మట్టిమిద్దె. దానిమీద పిల్లి పరిగెత్తినా లోపల అన్నంలో మన్ను రాలుతుంది. కుండీలు ఎక్కడ పెడతారు? ఇంటి ముందు గడప దాటితే కాలువ, కాలువ దాటితే రోడ్డు.

ముహూర్తం శివరాత్రి పోయిన పది రోజులకు కుదిరింది. పీకేయబోయే మొక్కలకు సులోచనక్క రోజూ రెండుపూటలా నీళ్లు పోసేది. చూడలేక ఉమామహేశ్వరమ్మ ఒకరోజు దొడ్లోకి వచ్చింది.

"ఏందమ్మే ఈ పిచ్చి? నాకియ్యి. మా కళ్లం కాడ పెట్టిస్తా అన్నీ."

"ఇస్తే బతకవు వదినా."

"ఇయ్యకపోతే గడ్డపార కింద చస్తాయి గదా!"

సులోచనక్క వంగింది. నాలుగు గింజలు రాలి ఉంటే వాటిని ఏరి, మళ్లీ అక్కడే వేసింది. ఉమామహేశ్వరమ్మకు కోపమొచ్చింది. "మీ అవ్వ ఇంకేం చట్టం దొరకనట్టు ఇది పెట్టింది" అని విసవిసా వెళ్లిపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే, పక్కింటి దొడ్డి గేటు గడియ కిర్రుమంది. ఆ గడియ తీసిన శబ్దం వింటే చాగలమర్రిలో కుక్కలు లేస్తాయి. తర్వాత సులోచనక్క గొంతు, వీధి చివరి దాకా వినబడేట్టు: "అబ్బబ్బా! బలే నిద్దర ముంచుకొస్తాండాదిప్పా! ఇంగ మూడు గంటల దాంకా నేను ల్యాను!"

గోడ మీంచి తొంగిచూశాను. గేటు బార్లా తీసి ఉంది. వెనక వసారాలో చాప మీద ఆమె అటు తిరిగి పడుకుని గురక పెడుతోంది. ఇరవై ఏళ్లుగా పక్కింట్లో ఉన్నాను, ఆమెకు గురక లేదు.

ముందుగా అర్థమైంది ఉమామహేశ్వరమ్మకే. చీరె చెంగు నడుముకు దోపి, చేతిలో కత్తితో, వేళ్ల మీద నడుచుకుంటూ వచ్చింది. ఆమె వేళ్ల మీద నడిచినా బర్రె నడిచినట్టే ఉంటుంది. నేరుగా మందారం దగ్గరికి పోయింది. ఆమె ఇంటి మందారం రెండేళ్ల కింద బోరు వేసినప్పుడు పోయింది. ఇప్పుడు తన మందారాన్ని తానే దొంగిలించడానికి వచ్చింది. కొమ్మ మీద కత్తి పెట్టగానే గురక ఆగింది.

"లేత కొమ్మ వద్దూ..." అని చాప మీద నుంచి కలవరింత. "పెన్సిలంత లావుది... కణుపు కింద... ఏటవాలుగా..."

కలవరింతకు జవాబిస్తే దొంగతనం చెడిపోతుంది. కాబట్టి ఉమామహేశ్వరమ్మ పక్కనున్న గన్నేరుతో చెప్పింది. "నాకు తెలీదంటనా ఏందీ? నలభై ఎకరాల సేద్యం ఇంట పుట్టినా!"

"సేద్యమోళ్లే ఎక్కువ నీళ్లు పోసి సంపుతారూ..." అంది కలవరింత. గురక మళ్లీ మొదలైంది.

ఆ కబురు సాయంత్రానికి ఊరంతా పాకింది. మరుసటి రోజు లూదియా వచ్చింది. ఆమె పై వీధిలో ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి అట్లాగే వచ్చింది. తడిదూదిలో ముళ్లగోరింట కొమ్మలు చుట్టి, పైన పట్టీ వేసి, ఒక్కొక్కదాన్ని పసిబిడ్డను పట్టుకుపోయినట్టు పట్టుకుపోయింది. పోతూపోతూ చాప దగ్గర వంగి, నిద్రపోతున్న దొంగ ముఖం మీద వాలిన ఈగను తోలింది. సులోచనక్క కళ్లు మూసుకునే ఉంది గానీ, రెప్పల కింద తడి ఆరలేదు.

వారం రోజులు మా ఊళ్లో ఎంతో మర్యాదగా దోపిడీ జరిగింది. ఒకరు లోపలుంటే ఇంకొకరు గేటు బయట వేచి ఉండేవారు. ఎవరూ ఎవరినీ పలకరించుకునేవారు కాదు. ఉత్తరేణి, తుమ్మి కూడా పోయాయి. ఉమ్మెత్తను మూడు ఇళ్లవాళ్లు పంచుకున్నారు. శుక్రవారం ఒక్క దొంగా రాలేదు. నేనూ చేతులు కట్టుకుని కూర్చోలేదు. సన్నజాజి పిలక తీశాను. నేను తుంచినప్పుడు మాత్రం కలవరింత రాలేదు. నా పనితనం అట్లాంటిది. సులోచనక్క అప్పుడు నిజంగానే నిద్రపోయిందని గిట్టనివాళ్లు అంటారు.

ఒక్కటే మిగిలింది. నాభి. ఆ నెలలో అది భూమి లోపలుంటుంది. పైన ఉత్త మట్టి. ఆ పెద్ద బండ చుట్టూ ఎక్కడుందో దొంగలకేం తెలుస్తుంది? దొంగలందరూ దాని పక్కనుంచే నడిచిపోయారు. ఆఖరి రోజు మధ్యాహ్నం గోడ పక్క నుంచి నేనే అడిగాను.

"యాడుందో వేలు చూపించక్కా. నేను తవ్వుకుపోతా."

"చూపిస్తే ఇచ్చినట్టే గదప్పా."

"పోనీ నువ్వే తీసి కుండలో పెట్టుకో."

"నాది నేనెట్ల దొంగిలిస్తా మహీ? ఒకసారి బండకు అవతలికి జరిపితే రెండేండ్లు అలిగి మొలవనే లేదు. అది తొలీత నేను తెచ్చుకునింది..." అని ఆపేసింది. తర్వాత ఉమామహేశ్వరమ్మ ఇంటికి ముహూర్తం కబురు చెప్పడానికి వెళ్లింది.

ఆ రోజు రామలింగన్న అంగడి కొంచెం ముందే కట్టేసి వచ్చాడు. ఎప్పటిలాగే బండ దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. రెండు కాళ్లు కడగడానికి అతనికి అరగంట పట్టింది. పంచె అంచులకు మట్టి అంటి ఉంటే, "ఏందన్నా, పడినావా?" అన్నాను గోడ మీంచి. "జారినా" అన్నాడు. పాపం, మనసు బాగాలేక కాలు నిలవడం లేదనుకున్నాను.

మరుసటి రోజు పూజ అయింది. గడ్డపారలు దిగాయి. బండ లేపారు. సులోచనక్క కూలీల పక్కనే నిలబడి, లేచిన ప్రతి మట్టిపెళ్లనూ చూసింది. ఏమీ కనబడలేదు. ఆ మట్టిని నా ఆటోలోనే తీసుకుపోయి, ఊరి బయట జల్లెడ పట్టాను. ఒక్కణ్ణే పదహారు లోడ్లు పట్టాను, కావాలంటే పన్నెండు అనుకోండి. చిల్లర డబ్బా మూత, సాయిశ్రీ చిన్నప్పటి గజ్జె దొరికాయి. గడ్డ దొరకలేదు. గజ్జె ఒక్కటీ తెచ్చి ఇచ్చాను. తీసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏందక్కా?"

"కంట్లో ఇసుక పడింది లేప్పా" అంది.

ఇసుక లోడు ఆ రోజుకు ఇంకా రానేలేదు.

గోడౌను లేచింది. గట్టి గోడౌను, వంక పెట్టడానికి లేదు. మేస్త్రీ మొత్తం స్థలం కలిపి కొలతలు వేస్తే, రామలింగన్న మాత్రం తూర్పు గోడ పక్కన మూడు మూరలు వదలమన్నాడు. ఎందుకన్నా అంటే వాననీళ్లు పోవడానికన్నాడు. సులోచనక్క ఆ వైపు కిటికీ తెరవడం మానేసింది. మధ్యాహ్నాలు బయటికి పోవడం కూడా మానేసింది. దొంగిలిస్తే పెట్టుకోవడానికి చోటేదీ? పులిహోర చెయ్యని ఆ నాలుగు నెలల్లో మా వీధి కుక్క సగమైంది.

శ్రావణం వచ్చింది. ఒక పొద్దున సులోచనక్క తలుపు తీసేసరికి గడప మీద ముద్దమందారం. ఎదురింట్లో ఉమామహేశ్వరమ్మ వీపు ఇటు తిప్పి, కాకులను తిడుతూ కళ్లాపి చల్లుతోంది. రెండు రోజులకు ముళ్లగోరింట, దూదిలో పెట్టి. తర్వాత నందివర్ధనం, ఎవరిదో తెలియదు. చంద్రకాంత సాయంత్రం పూసేది కాబట్టి పొద్దుటికి ముడుచుకునే వచ్చింది. శంకుపూలు ఒకే రోజు మూడు ఇళ్ల నుంచి వచ్చాయి. నా సన్నజాజి ఎంత వాసన వేసిందంటే, పెట్టేసి ఇంటికి వచ్చేలోపల వీధిలో ముగ్గురు నిద్రలేచారు. వినాయక చవితి ముందురోజు ఆమె గడప మీద పత్రి గుట్టగా పడి ఉంది. పిలవకుండా వచ్చిన ఉత్తరేణి, తుమ్మి, ఉమ్మెత్త, అన్నీ.

ఆమె ఒక్కొక్కటీ తీసి కళ్లకద్దుకునేది. పలకరించకూడదు కాబట్టి ఎవరితోనూ ఏమీ అనేది కాదు. పులిహోర మాత్రం మళ్లీ మొదలైంది. అయినా ప్రతి పొద్దునా తలుపు తీసినప్పుడు గడప మీదున్న పువ్వును చూసి, ఇంకా దేనికోసమో పక్కలకు చూసేది. నాకు తెలుసు దేనికోసమో.

చవితి పోయిన నాలుగో రోజు. నంద్యాల లోడుకని నేను తెల్లవారుజామున ఆటో తుడుచుకుంటున్నాను. సులోచనక్క తలుపు తీసి, వంగి, అట్లాగే గడప మీద కూర్చుండిపోయింది. ఏమైందోనని పరిగెత్తాను. ఆమె చేతిలో ఒక కాగితం పొట్లం ఉంది. మూడు మడతలు, మూల లోపలికి దోపి, దారం చుట్టి, చివరన చిన్న మెలిక. విప్పింది. లోపల నిప్పు అంటుకున్నట్టు పసుపూ ఎరుపూ. రేకు కూడా నలగలేదు.

లోపల రామలింగన్న ముఖం కడుక్కుంటున్నాడు. ఆ రోజు ముఖం కడుక్కోవడానికి కూడా అరగంట పట్టింది.

"ఇదో" అంది సులోచనక్క, లేవకుండానే. "ఎవరో పువ్వు పెట్టిపోయినారు."

"ఎవరో!" అన్నాడు అతను, తువ్వాల్లోంచి.

"పొట్లం కట్టినారు."

తువ్వాలు కదలలేదు. అందులోంచే, "నలిగిపోతాదని" అన్నాడు.

"మొలిచిందా?" అంది.

"అంగడి ఎనకాల. నూనె డబ్బాలో. ఇరవై ఆరేండ్లు దాని పక్కనే గదా కాళ్లు కడుక్కున్యా, యాడుంటాదో తెలీదా?"

"దుడ్లేమన్నా పెట్టినావా ఆడ? గడ్డ తీసిన కాడ?"

అతను తువ్వాలు దించాడు. ముఖం కొత్తపెళ్లికొడుకులా ఎర్రబడింది. "చెయ్యి జోబు దాంకా పోయింది. ఎనక్కి తీసుకున్యా."

సులోచనక్క నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈసారి ఇసుక అని కూడా అనలేదు. నేను జల్లెడ పట్టిన పదహారు లోడ్లు గుర్తొచ్చి, ఏడవాలో నవ్వాలో తెలియక ఆటో స్టార్ట్ చేశాను.

ఆ తర్వాత జరిగింది కార్తీకం పోయాక. నాభి తీగె ఎండి, గడ్డ మళ్లీ నిద్రపోయే కాలం. మధ్యాహ్నం రెండు గంటలకు నేను అంగట్లో చింతపండు బస్తాలు దించుతున్నాను. వీధి మలుపులో సులోచనక్క కనబడింది. చేతిలో ప్రసాదం గిన్నె, భుజం చుట్టూ బిగించిన కొంగు. తూర్పు గోడ పక్కన ఉన్న మూడు మూరల నేలను ఆమె ముందురోజే తవ్వి, నీళ్లు పోసి పెట్టింది. ఆ కిటికీ కూడా తెరిచి ఉంది.

గద్దె మీద కూర్చుని ఉన్న రామలింగన్న ఆమెను చూశాడు. చూసి, వెంటనే గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని గురక మొదలుపెట్టాడు. ఘోరమైన గురక. అతనికి అలవాటు లేదు, ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు పెట్టాల్సింది వదిలేటప్పుడు పెడుతున్నాడు. సులోచనక్క పులిహోర గిన్నె గద్దె మీద పెట్టి, అతని పక్కనుంచే వేళ్ల మీద నడిచి అంగడి వెనక్కి పోయింది.

కాసేపటికి గురక ఆగింది.

"రెండు పాయలుగా ఉంటాదీ..." అని కలవరించాడు రామలింగన్న. "ఇరిగిపోకుండా... మెల్లగా..."

"నాకు తెలీదంటనా?" అని వెనక నుంచి నూనె డబ్బాతో ఎవరో అన్నారు.

అప్పుడే ఉమామహేశ్వరమ్మ సంచి పట్టుకుని వచ్చింది. "ఏం శెట్టీ, పట్టపగలు ఈ నిద్దరేందీ? అర్ధకిలో చింతపం..." అంటుండగా నేను నోటి మీద వేలు పెట్టాను. ఆమె గద్దె మీదున్న గిన్నెను చూసింది, అంగడి వెనక తలుపు చూసింది. మాట మింగేసి, బస్తా మీద కూర్చుని, తలెత్తి అంగడి దూలాలకేసి చూస్తూ ఉండిపోయింది, అక్కడేదో కాకి వాలినట్టు.